జీపు ఎత్తితే సరా... స్టీరింగ్ సర్దొద్దూ!

జనగామ దగ్గర నల్లటి తారురోడ్డు. మహబూబాబాద్ అడవుల్లో ఎర్రమట్టి బాట. భూపాలపల్లిలో బొగ్గుపొడి కమ్మిన దారి... ఈ మూడు జిల్లాల మీదుగా వెళ్తుంటే నేల రంగు మారినప్పుడల్లా బండికో కొత్త పరీక్ష. రాళ్లూ గుంతలూ కింద తగలకూడదని కొందరు జీపును రెండు మూడు అంగుళాలు ఎత్తు చేయిస్తారు. బండి ఠీవిగా కనిపిస్తుంది. మరి స్టీరింగ్ మాటేంటి?

తారురోడ్డే తేల్చేస్తుంది

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి జనగామ మీదుగానే సాగుతుంది. ఇత్తడి రేకు మీద దేవతామూర్తులను తీర్చే పెంబర్తి ఆ పక్కనే. ఎత్తు చేసిన జీపులోని లోపం అడవిలో కన్నా ముందు ఇక్కడే బయటపడుతుంది. బండి తిన్నగానే పోతున్నా స్టీరింగ్ ఓ పక్కకు వాలి ఉంటుంది. వేగం పెరిగితే కుదురుగా నిలవదు.

కారణం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కమాన్ పట్టీలు పెంచితే బండి లేస్తుంది, ఇరుసు మాత్రం కిందే ఉంటుంది. స్టీరింగ్ పెట్టె బండికీ, చక్రాలు ఇరుసుకూ బిగించి ఉంటాయి. ఆ రెంటినీ కలిపే కడ్డీ... డ్రాగ్ లింక్. మొదట ఇంచుమించు అడ్డంగా ఉండే ఈ కడ్డీ బండి లేవగానే ఏటవాలు అవుతుంది. గోడకు నిలబెట్టిన నిచ్చెన పైకొస మరింత పైకి జరిగితే కిందికొస గోడ వైపు వస్తుంది కదా! అలాగే ఇక్కడా చక్రం కాస్త పక్కకు లాగేస్తుంది.

సర్దే పద్ధతికీ ఓ వరస ఉంది. ముందు స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చుట్లు లెక్కపెట్టాలి. నాలుగు చుట్లు వస్తే రెండో చుట్టు దగ్గర ఆపాలి. స్టీరింగ్ పెట్టెకు అదే నడిమధ్య. చక్రాలను తిన్నగా నిలిపి, డ్రాగ్ లింక్ మీది మరల గొట్టాన్ని వదులు చేసి, సరిపడేంత తిప్పి, మళ్లీ క్లాంపులు బిగించాలి. రెండు ముందు చక్రాలనూ కలిపే టై రాడ్ వేరు. టైర్ల ముందువైపు దూరం, వెనకవైపు దూరం కొలిచి, కంపెనీ చెప్పిన లెక్కకు తేవడం దాని పని.

మానుకోట గతుకుల్లో...

స్టీరింగ్ నిటారుగా కనిపించినంత మాత్రాన రోగం కుదిరినట్టు కాదు. ఆ సంగతి మహబూబాబాద్ దాటాక తెలుస్తుంది. పాతవాళ్లు ఇప్పటికీ మానుకోట అనే ఈ ఊరి నుంచి గూడూరు, కొత్తగూడ, గంగారం వైపు వెళ్తే ఏజెన్సీ మొదలవుతుంది. కోయ గూడేలు, లంబాడా తండాలు, వానాకాలం ఉరికే వాగులు. మట్టిబాటల్లో ఎండ్లబండ్ల చాళ్లు లోతుగా దిగిపోయి ఉంటాయి.

ఇక్కడ చక్రం గుంతలో పడి లేస్తే ఇరుసు పైకీ కిందికీ కదులుతుంది. ఏటవాలుగా ఉన్న డ్రాగ్ లింక్ మాత్రం పైకొస చుట్టూ వంపు తిరుగుతుంది. రెంటికీ పొంతన కుదరదు. చేయి కదపకపోయినా చక్రం తనంతట తానే పక్కకు తిరుగుతుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. ఒక పక్క వాగు, మరో పక్క చెట్టు ఉన్న బాటలో ఆ జానెడు మళ్లింపు చాలు, ప్రాణం మీదికి రావడానికి!

కడ్డీ పొడవు మార్చితే ఇది పోదు. ఏటవాలు తగ్గాలి. అందుకే స్టీరింగ్ పెట్టె నుంచి దిగే పిట్‌మన్ ఆర్మ్‌ను తీసి, ఇంకాస్త కిందికి దిగేది బిగిస్తారు. బాల్ జాయింట్లలో ఆట ఉంటే మార్చాలి. నట్లకు కాటర్ పిన్నులు పడ్డాయో లేదో చూడాలి. బ్రేకు గొట్టాలు బిగుసుకుపోకుండా పొడవు సరిపోవాలి. వీటిలో ఏ ఒక్కటి వదిలేసినా పెట్టిన డబ్బంతా వృథానే.

ఇదంతా ముందు ఒకే ఇరుసు ఉన్న పాత జీపుల సంగతి. 2020లో వచ్చిన కొత్త థార్‌లో ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి. దాన్ని ఎత్తితే రెండు చక్రాల వాలూ మారుతుంది. అలైన్‌మెంట్ యంత్రం మీద సరిచేయాల్సిందే.

వాగు ముందు ఎత్తెంత?

నర్సంపేట, మల్లంపల్లి మీదుగా భూపాలపల్లి చేరితే దృశ్యం మారిపోతుంది. సింగరేణి గనులు, చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. ఇంకా ముందుకెళ్తే గోదావరి, ప్రాణహిత కలిసే కాళేశ్వరం. ఈ దారుల్లో బరువు లారీలు ఎదురైనప్పుడు పక్కకు తప్పుకోవాలంటే స్టీరింగ్ చెప్పిన మాట వినాలి. ఎత్తు పెరిగిన బండికి మలుపులో ఒరిగే గుణం కూడా ఎక్కువే.

ఇక నీళ్ల మాట. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరిని ముంచేసింది. జనాన్ని కాపాడటానికి హెలికాప్టర్లు రావాల్సివచ్చింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర వరద రైలు పట్టాల కింద కంకరనే ఊడ్చుకుపోయింది. పట్టాల కిందే నిలవనివ్వని నీటి ముందు రెండంగుళాల ఎత్తు ఏపాటిది? ఆ ఎత్తు రాళ్లను దాటడానికే, వరదను దాటడానికి కాదు.

చట్టం సంగతీ మరవకూడదు. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే తేల్చిచెప్పింది. కాబట్టి పానా పట్టేముందు రవాణా శాఖ కార్యాలయానికీ, బీమా కంపెనీకీ వెళ్లి అడగడం మేలు. ఆ అడ్డంకులన్నీ దాటి ఎత్తు చేయించాక అడవికి వెళ్లేముందు జనగామ రోడ్డు మీద ఓసారి నెమ్మదిగా నడిపి చూడాలి. స్టీరింగ్ కుదురుగా ఉంటేనే ముందుకు... లేదంటే బండిని మళ్లీ షెడ్డుకే!