సారథి నెన్నుకొనుట

బలము వేఱు, బలమును నడుపు బుద్ధి వేఱు. కఠోపనిషత్తులో శరీరమును రథముగాను, ఇంద్రియములను గుఱ్ఱములుగాను, మనస్సును కళ్ళెముగాను, బుద్ధిని సారథిగాను చెప్పియున్నారు. గుఱ్ఱము లెంత మేలుజాతివైనను సారథి వివేకహీనుడైనచో రథము దారి తప్పును. ఈ యుపమానమును మేము ఇరువది యేండ్లుగా బడిపిల్లలకు చెప్పుచున్నాము. అది వేదాంతమునకే గాక మోటారు కారునకు గూడ వర్తించునని మాకు చూపినవాడు మా పూర్వ విద్యార్థి యొకడు.

సంస్కృతము, ఇంగ్లీషు చెప్పుకొను బడిపంతులునకు ఇంజన్లతో నేమి పని యని చదువరులు నవ్వవచ్చును. ఈ పని మేము కోరి తెచ్చుకొన్నది కాదు. ఆ యువకుడు మా కలువాయి బడిలో పదవ తరగతితో చదువు చాలించి, నెల్లూరిలో కార్ల షెడ్డున పని నేర్చి, ఇప్పుడు ఆత్మకూరులో తానే చిన్న షెడ్డు పెట్టుకొన్నాడు. పాత మారుతి ఎస్టీమ్ కారొకటి కొని, దాని ఇంజనునకు టర్బో బిగించి, చెన్నపట్టణము దాపున శ్రీపెరుంబుదూరులో 1990లో వెలసిన పందెపు బాటపై నడుపవలెనని వాని కోరిక. టర్బో బిగించుట వాని చేతనైనది. ఇక దానికి తగిన కంప్యూటరు, వారి భాషలో ఈసీయూ, కొనవలసి యుండెను. చేతిలో విద్య యున్నది గాని ఇంగ్లీషు చాలదు. అందుచే మూడు నాలుగు మాన్యువళ్ళు మా ముందర పెట్టి, "సార్, వీటిల్లో ఏముందో చదివి చెప్పండి. ఏది కొనాలో నేనే తేల్చుకుంటాను" అనెను. ఆ రెండవ మాట మాకు మిక్కిలి నచ్చినది.

టర్బో యనగా నేమో ముందు చెప్పుకొందము. మామూలు ఇంజను తన పిస్టన్లు పీల్చినంత గాలినే లోనికి తీసికొనును. టర్బో, పొగగొట్టమున వెడలు వేడి వాయువుల వేగముతో ఒక చిన్న చక్రమును త్రిప్పి, దానితో నింకొక చక్రమును త్రిప్పి, గాలిని కూరి లోనికి పంపును. స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి 1905లోనే దీనికి పేటెంటు పొందెను. వాతావరణపు ఒత్తిడి సుమారొక బారు. టర్బో దానిపై నింకొక బారు చేర్చినచో లోనికి బోవు గాలి యించుమించు రెట్టింపగును. అప్పుడు పెట్రోలును ఆ ప్రకారమే హెచ్చవలెను. పెట్రోలు చాలకున్నను, స్పార్కు వేళకు ముందే పడినను, మంట యదుపు తప్పి నాకింగు పుట్టును. బలమైన టర్బో ఇంజనులో అది కొన్ని క్షణములు సాగినను పిస్టను పగిలిపోవచ్చును.

ఎంత పెట్రోలు చిమ్మవలెను, ఎప్పుడు స్పార్కు వేయవలెను అను ఈ రెండు లెక్కలను చూచునదే ఆ పెట్టె. నిమిషమునకు 6,000 చుట్లు తిరుగు ఇంజనులో ఒక్కొక్క సిలిండరు సెకనునకు 50 సార్లు మండును. చుట్టులో ఒక డిగ్రీ తిరుగుటకు పట్టు కాలము సెకనులో 36,000వ వంతు. పూర్వము కార్బురేటరును, డిస్ట్రిబ్యూటరును ఈ పని చేసెడివి. 1967లో జర్మనీలోని బాష్ కంపెనీ డి-జెట్రానిక్ అను విద్యుత్సాధనముతో పెట్రోలు చిమ్ము పద్ధతిని వోక్స్‌వ్యాగన్ కారులో ప్రవేశపెట్టెను. 1979లో మోట్రానిక్ పేర పెట్రోలును, స్పార్కును ఒకే కంప్యూటరు క్రిందికి తెచ్చెను. ఆ కంప్యూటరు లోపల నున్నది మంత్రము కాదు, పట్టిక. ఒక ప్రక్క ఇంజను వేగము, ఇంకొక ప్రక్క గాలి యొత్తిడి, రెండును కలియు గడిలో ఒక యంకె. మన బడులలోని ఎక్కముల పట్టికకును దీనికిని రూపములో భేదము లేదు. టర్బో లేని ఇంజనునకై కంపెనీవారు నింపిన పట్టికలో టర్బో యొత్తిడికి గడులే యుండవు; వారి సెన్సారునకును అంత యొత్తిడిని కొలుచు శక్తి యుండదు. కావుననే కొత్త సారథి కావలసి వచ్చినది.

దీనికి మూడు మార్గములు కలవు. మొదటిది, కంపెనీ పెట్టెలోని యంకెలనే మార్చి వ్రాయుట. దీనిని రీమ్యాపు అందురు. కంపెనీవారే టర్బోతో పంపిన కార్లకు ఇది తఱచుగా చాలును. రెండవది పిగ్గీబ్యాకు, ఇది సెన్సార్లకును కంపెనీ పెట్టెకును నడుమ కూర్చుండి సంకేతములను మార్చి చెప్పును. ఖర్చు తక్కువ గాని, యజమానికి తప్పుడు వార్తలు చెప్పి పని చేయించుకొను నౌకరు వంటిది. మూడవది స్టాండలోన్; పాత పెట్టెను తొలగించి సర్వమును తానే నడుపునది. కొత్తగా టర్బో బిగించిన పాత ఇంజనునకు ఈ మూడవదే తగినదని మా వాడు ముందే నిశ్చయించుకొని యుండెను.

అందులోను రకములు పెక్కు. ఆస్ట్రేలియాలో 1986లో మొదలైన హాల్‌టెక్, 1987లో మొదలైన మోటెక్, న్యూజీలాండు వారి లింక్ మొదలగునవి పేరు గాంచినవి. మఱియొక వైపున 2001లో అమెరికాలో ఇద్దరు చేర్చి పెట్టిన మెగాస్క్వర్ట్, విద్యార్థులు వాడు ఆర్డుయినో బోర్డుపై నడుచు స్పీడుయినో మున్నగునవి కలవు. స్పీడుయినో గర్భములోని వ్రాత యంతయు ఎవరైనను చదువుకొనవచ్చును. మొదటి తెగలోని దానికి వాడు చెప్పించిన ధర, దిగుమతి సుంకముతో కలిపి, లక్షన్నర దాటినది. వాని తండ్రి నిమ్మతోట కాపు. ఒకనాడు మా యింటికి వచ్చి, "అయ్యవారూ, వీడు అడిగే డబ్బాకి రెండు కోతల డబ్బు పోతుంది. అంత డబ్బు పెట్టి తెస్తే, అది పెట్టగానే కారు బాగా పోతుందా?" అని యడిగెను.

ఆ ప్రశ్నకు మాన్యువళ్ళన్నియు ఏకకంఠముగా చెప్పు సమాధానము "కాదు" అనియే. పెట్టెతో వచ్చు పట్టిక ఇంజనును మేల్కొలుపుటకు మాత్రమే. దానిని దిద్దవలసినవాడు ట్యూనరు. కారును డైనో యను కొలత యంత్రముపై నిలిపి, గడి గడికి పెట్రోలు చూచి, స్పార్కు చూచి, అంకె వేయవలెను. మహాభారతమున కర్ణుడు శల్యుని సారథిగా కోరినది అశ్వవిద్యలో ఆయన కృష్ణునకు తీసిపోడనియే. విద్యలో లోపము లేదు. కాని సారథికిని రథికునకును మాట కలియలేదు. పెట్టె యెంత గొప్పదైనను, దానితో మాటాడ నేర్చినవాడు మన దగ్గర లేనిచో అది శల్యసారథ్యమే యగును. అందుచే "ఏ పెట్టె గొప్పది?" అను ప్రశ్నను ప్రక్కకు పెట్టి, "మనకు అందుబాటులోనున్న ట్యూనరు ఏ పెట్టెపై చేయి తిరిగినవాడు?" అను దానిని ముందునకు తెమ్మని వానికి చెప్పితిమి.

పరదేశములో నొకరు సిద్ధపరచిన పట్టికను వెల యిచ్చి తెప్పించుకొనిన చాలదా యని వాడడిగెను. వెలయూరి వైద్యుడు రోగిని చూడక వ్రాసిన మందుచీటి వంటిది అది. మన బంకులలో నిప్పుడు దొరకు పెట్రోలులో నూటికి 20 పాళ్ళ వఱకు ఇథనాలు కలియుచున్నది. ఒక పాలు పెట్రోలు సరిగా మండుటకు తూకములో 14.7 పాళ్ళ గాలి కావలెను; ఇథనాలునకు 9 పాళ్ళు చాలును. అనగా నంతే గాలికి ఇథనాలు కలిసిన పెట్రోలు మఱికొంత హెచ్చుగా చిమ్మవలెను. కల్తీలేని పెట్రోలునకు వ్రాసిన పట్టిక ఇక్కడ కొఱతగా చిమ్మును. ఇక మా ప్రాంతపు వైశాఖ జ్యేష్ఠముల యెండ చెప్పవలసినది లేదు. గాలి వేడెక్కినకొలది నాకింగు దగ్గరపడును. స్పార్కును కొంత వెనుకకు జరుపవలెను. చలి దేశపు పట్టిక మా యెండ నెఱుగునా?

తరువాత చూడవలసినది, పెట్టె ఆ యింజను భాష నెఱుగునా యనుట. ఇంజను తిరుగుటను కంప్యూటరునకు తెలుపునది పండ్ల చక్రము. 60 పండ్లలో రెండు తీసివేసి, ఆ ఖాళీని గుర్తుగా పెట్టుట యొక పద్ధతి. ఇతర పద్ధతులును పెక్కు. ఈ గుర్తును పోల్చుకొనలేని పెట్టె స్పార్కు ఎప్పుడు వేయవలెనో యెఱుగదు. పిమ్మట కావలి గుణములు. ఒత్తిడి హద్దు మీరినను, మిశ్రమములో పెట్రోలు తగ్గినను, ఆయిలు ఒత్తిడి పడిపోయినను, తానై ఇంజను నాపునదిగా నుండవలెను. అటుపై దినచర్య, జరిగినదంతయు వ్రాసియుంచు పెట్టెయే, చెడినపుడు ఎందుకు చెడినదో చెప్పగలదు.

అన్నిటికంటె మమ్ము ఆలోచింపజేసినది తాళము సంగతి. కొందఱు ట్యూనర్లు పట్టికలు దిద్ది, వానికి పాస్‌వర్డు వేసి, కారు యజమానికైనను చూపరు. వారి శ్రమను ఇతరులు దొంగిలింతురను భయము న్యాయమే కావచ్చును. కాని వెల యిచ్చినవాడు తన ఇంజనులోని యంకెలను తాను చదువకూడదనుట, మర్మము చెప్పక శిష్యుని జీవితాంతము గుమ్మమున నిలువబెట్టుకొను పాతకాలపు గురుత్వమే. విద్యను దాచుట వలన మన దేశము పొందిన నష్టమును ఈ పత్రిక చదువువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. దీనికి ఎదురైన యుదాహరణమును గూడ చెప్పుదుము. కోయంబత్తూరులో తెలుగు మాతృభాషగాగల నాయుళ్ళ కుటుంబములలో పుట్టిన కరివర్ధన్, 1980ల చివర మారుతి 800 ఇంజనుతో ఫార్ములా మారుతి యను పందెపు కార్లను నిర్మించెను. సామాన్యమైన ఇంజను, అందఱికి నొక్కటే. గెలుపు ధనమువలన గాక నేర్పు వలన కలుగవలెనని దాని ఫలితార్థము. 1995లో విమాన ప్రమాదమున ఆయన గతించెను. 2003లో తెఱచిన అచటి పందెపు బాట నేటికిని ఆయన పేరనే యున్నది.

చట్టము మాట మఱువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన లక్షణములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. సుప్రీంకోర్టు 2019 జనవరి 9న దానిని స్థిరపఱచెను. అదే సంవత్సరపు సవరణ చొప్పున, అట్లు మార్చిన యజమానికి ఆరు మాసముల వఱకు ఖైదుగాని, మార్పొక్కింటికి 5,000 రూపాయల జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. కావున ఈ కారు సోమశిల రోడ్డున పరుగెత్తుటకు గాదు. లారీపై పందెపు బాటకు పోయి, లారీపై తిరిగి రావలసినది. ఇది విని తండ్రి, "రోడ్డు మీద నడపకూడని కారు నీకెందుకురా?" అనెను. కొడుకు కొంతసేపు ఊరకుండి, "రేపు షెడ్డుకి వచ్చే ప్రతి కారులోనూ ఈ డబ్బానే ఉంటుంది నాయనా. దీన్ని చదవడం రాకపోతే నేను ఆయిలు మార్చుకుంటూనే ఉండిపోతాను" అనెను. తండ్రి మారు పలుకలేదు. ఒప్పుకొన్నాడని మేము చెప్పజాలము. లేచి తోటకు పోయెను.

తుదకు వాడు కొన్నది పేరు మోసిన పెట్టె కాదు. చెన్నపట్టణములోని యొక ట్యూనరు అలవాటు పడినదియు, పట్టికలు తాళము లేక తెఱచియుండునదియు నగు చిన్న పెట్టె. మిగిలిన ధనములో కొంత మంచి వైరింగునకును, గాలి పెట్రోలు పాళ్ళను కొలుచు వైడ్‌బ్యాండు సెన్సారునకును వెచ్చించి, మిగిలినది తండ్రి చేతికే యిచ్చెను. పట్టికలు దిద్దునపుడు తన్ను ప్రక్కన కూర్చుండనిచ్చి, ప్రతి యంకెకు కారణము చెప్పవలెనని ట్యూనరుతో ముందే మాట పుచ్చుకొన్నాడు. మేము చేసిన సాయము మాన్యువలులోని నూట యేబది మాటలకు తెలుగులో అర్థములు వ్రాసి యిచ్చుట మాత్రమే. ఆ కాగితములు ఇప్పుడు వాని షెడ్డు గోడకు అంటించియున్నవి. పని నేర్చుకొను పిల్లలు వానిని చదువుచున్నారు.

చేతిపని చేయువానికి చదువెందుకని యనువారును, యంత్రముపై మక్కువ గల పిల్లవానిని పిచ్చివాడనువారును మన యిండ్లలో నింకను ఉన్నారు. అడిగినదే తడవుగా పెట్టె కొనియిచ్చి చేతులు దులుపుకొను ధనవంతులును ఉన్నారు. ఇరువురును పిల్లవానికి చేయు అపకారమొక్కటే. వానితో కూర్చుండి ప్రశ్నింపరు. దీనిని దిద్దువాడెవడు? మన యెండకును, మన పెట్రోలునకును ఇది తగునా? ఆపద వచ్చినపుడు తానై యాగునా? దీని తాళము ఎవరి చేతిలో నున్నది? దీనిని ఎక్కడ నడుపుట న్యాయము? ఈ యైదింటికిని ఇంజను శాస్త్రము తెలియని తల్లిదండ్రులైనను జవాబు అడుగగలరు. జవాబు చెప్పగల పిల్లవానికి పెట్టె కొనియిండు. చెప్పలేనివానికి ముందు పుస్తకము కొనియిండు.