కారు కుయ్యో మొర్రో అంటే...

మీ కారు రిమోట్‌లో బ్యాటరీ అయిపోయిందనుకోండి, ఏం చేస్తారు? "ఏముంది, మామూలు తాళంచెవితో తలుపు తీస్తా" అంటారు కదూ. తీసి చూడండి. చాలా కార్లలో ఆ మరుక్షణమే హారనూ, ఇండికేటర్లూ కలిసి వీరంగం మొదలెడతాయి.

మొన్నామధ్య మా టీమ్‌లో అమ్మాయికి సరిగ్గా ఇదే జరిగింది. రాత్రి పదకొండున్నర, ఆఫీసు సెల్లార్, చేతిలో చచ్చిన రిమోట్. కారు గోల పెడుతుంటే కంగారుగా నాకు ఫోన్ చేసింది. "లోపల కూర్చుని, ఆ రిమోట్‌నే స్టార్ట్ బటన్‌కి ఆనించి బటన్ నొక్కు" అన్నాను. నొక్కింది, గోల ఆగింది.

ఇందులో మాయేం లేదు. రిమోట్‌తో లాక్ చేయగానే అలారం కాపలాకి కూర్చుంటుంది. ఆ తర్వాత రిమోట్ నుంచి సరైన కోడ్ రాకుండా ఏ తలుపు తెరుచుకున్నా దాని లెక్కలో వచ్చినవాడు దొంగే. ఇనుప తాళంచెవికి దొంగతాళం చేయడం తేలిక కాబట్టి దాన్ని నమ్మదు. కానీ కీ లోపల బ్యాటరీ అక్కర్లేని చిన్న చిప్ ఒకటుంటుంది. దగ్గర పెడితే కారే దానికి కరెంటు పంపి కోడ్ చదువుకుంటుంది. కోడ్ కలిస్తే యజమాని వచ్చాడని నోరు మూస్తుంది. బటన్ లేని కార్లలో తాళం పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేస్తే చాలు. (కొన్ని మోడళ్లలో కీ ఆనించాల్సిన చోటు వేరే ఉంటుంది, మాన్యువల్ చూసుకోండి.)

నాకు గుచ్చుకున్నది మాత్రం వేరే సంగతి. అప్పుడు సెల్లార్‌లో పదిమంది దాకా ఉన్నారట. ఒక్కరూ తలెత్తి చూడలేదు! సెక్యూరిటీ అతనొచ్చి "మేడమ్, సౌండ్ ఆపండి" అన్నాడట. కారు ఎవరిదని అడగనేలేదు.

అతన్నేం అంటాం? దీపావళికి లక్ష్మీబాంబు పేలితే షాక్ సెన్సరున్న కార్లన్నీ ఒకేసారి ఏడుస్తాయి. లోపల అల్ట్రాసోనిక్ సెన్సరుంటే, పెద్దావిణ్ణి కూర్చోబెట్టి లాక్ చేసి మందుల షాపుకెళ్తే ఆవిడ కదిలినా చాలు. ఆన్‌కాల్ చేసినవాళ్లకి చెప్పక్కర్లేదు, రోజుకి రెండొందల అలర్టులొచ్చే ఫోల్డర్‌ని ఎవడు తెరుస్తాడు?

అసలు దొంగకి ఈ గోలే ఉండదు. 2011లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు 8 కంపెనీల 10 మోడళ్ల మీద ప్రయోగం చేశారు. కీ ఎక్కడో ఇంట్లో ఉన్నా, దాని సిగ్నల్‌ని కారు దాకా మోసుకొచ్చి, తలుపు తీసి స్టార్ట్ చేయొచ్చని చూపించారు. కారు దృష్టిలో అక్కడ నిలబడ్డది యజమానే మరి, అలారం ఎందుకు మోగుతుంది! మా అమ్మాయి మీద అరిచిన యంత్రమే అతగాడికి సలాం కొడుతుంది.

ఈ ఆదివారం ఓ పని చేయండి. అద్దం దించుకుని లోపల కూర్చుని, రిమోట్‌తో లాక్ చేసి, ఓ నిమిషం ఆగి లోపల్నుంచి తలుపు తీయండి. మోగాక, అన్‌లాక్ నొక్కకుండా ఎలా ఆపాలో తెలుసుకోండి. ఇంట్లో ఆ కారు నడిపే అందరిచేతా చేయించండి. పక్కింటివాళ్లకి ముందే చెప్పడం మర్యాద. చెప్పకపోయినా ఎవరూ బయటికొచ్చి చూడర్లెండి :)