స్మెథిక్ తోలు సీట్లు

బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్ స్టేషన్‌లో లోకల్ రైలు ఎక్కితే పది నిమిషాల్లో స్మెథిక్. జేమ్స్ వాట్, మాథ్యూ బోల్టన్‌ల ఆవిరి యంత్రాలు తయారైన సోహో ఫౌండ్రీ ఈ ఊళ్లోదే. 1851లో లండన్‌లో నిలబెట్టిన క్రిస్టల్ ప్యాలెస్‌కు అద్దాలు వెళ్లిందీ ఇక్కడి ఛాన్స్ బ్రదర్స్ ఫ్యాక్టరీ నుంచే. ఫౌండ్రీల్లో పనికోసం వచ్చిన పంజాబీలు ఇక్కడే స్థిరపడిపోయారు. హై స్ట్రీట్‌లో వాళ్ల గురుద్వారా కనిపిస్తుంది. అది దాటి డౌనింగ్ స్ట్రీట్‌కి నడిచాను. బ్రూక్స్ వాళ్ల సైకిల్ తోలు సీట్ల ఫ్యాక్టరీ ఆ వీధిలోనే ఉంది. చూడనివ్వమని ముందే రాసి అనుమతి తీసుకున్నాను.

మా హైదరాబాద్‌లో దూరాలు తొక్కేవాళ్లు కలిస్తే గేర్ల గురించి కాసేపు, టైర్ల గురించి కాసేపు మాట్లాడి చివరికి సీటు దగ్గరికే వస్తారు. ఆడాక్స్ పద్ధతిలో, అంటే గడువులోపు దూరం పూర్తిచేయాల్సిన పద్ధతిలో, జరిగే బీఆర్‌ఎం సవారీల్లో 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువు, 600 కిలోమీటర్లకు 40 గంటలు. అంతసేపు మన బరువంతా మోసేది జానెడు వెడల్పు కూడా లేని ఒక వస్తువు. కాళ్ల నొప్పికి విశ్రాంతి ఉంది, ఆకలికి అరటిపండు ఉంది. సీటు కుదరకపోతే మాత్రం దారిలో చేయగలిగింది ఏమీ లేదు. అందుకే ఆ సీటు పుట్టేచోట నిలబడి చూడాలనిపించింది.

కంపెనీ చెప్పుకొనే కథ ఇది. జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ 1866లో బర్మింగ్‌హామ్‌లో గుర్రపు జీనులు, కళ్లేలు, తోలు సామాను చేసే వ్యాపారం పెట్టాడు. 1878లో ఆయన గుర్రం చనిపోయింది. ఇంకోటి కొనలేక సైకిల్ ఒకటి తెచ్చుకుని పనికి వెళ్లడం మొదలుపెట్టాడు. సీటు భరించలేకపోయాడు. తోలు పని తెలిసినవాడు కాబట్టి తానే ఒకటి తయారుచేసుకుని, 1882లో పేటెంట్ తీసుకున్నాడు. గుర్రం సంగతి ఎలా ఉన్నా ఆ తర్వాతి చరిత్ర రుజువైనదే. బి17 అనే సీటు పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఇవాళ్టి దాకా అదే పేరుతో, దాదాపు అదే ఆకారంతో వస్తోంది. కంపెనీ చాలాకాలం ర్యాలీ సైకిల్ కంపెనీ చేతిలో ఉండి, 2002లో ఇటలీకి చెందిన సెల్లె రాయల్ చేతికి వెళ్లింది. తోలు సీట్ల పని మాత్రం స్మెథిక్ విడిచిపోలేదు.

లోపలికి వెళ్లగానే తోలు వాసన, దాంతోపాటు మిషన్ ఆయిల్ వాసన. ఒక పక్క ఇనుప పని, ఇంకో పక్క తోలు పని. సీటు కింద ఉండే కడ్డీలను వంచే యంత్రాలు, తీగను స్ప్రింగుగా చుట్టే యంత్రాలు చాలా పాతవి. చప్పుడుకి పక్క మనిషి మాట వినపడదు. నన్ను తిప్పి చూపించిన పెద్దమనిషి ప్రతి యంత్రం దగ్గరా ఆగి, అది ఏ ముక్క చేస్తుందో ఆ ముక్క చేతికిచ్చి చెప్పాడు. వేడిగా ఉన్న స్ప్రింగు ఒకటి అలాగే పట్టుకున్నాను.

నేను ఎక్కువసేపు నిలబడింది తోలు దగ్గర. ముక్క మందం ఐదారు మిల్లీమీటర్లు ఉంటుంది, వేళ్లతో వంచబోతే వంగదు. ఆవు చర్మంలో వీపు, పిరుదుల వైపు దళసరి భాగమే పనికొస్తుంది. పొట్ట భాగం సాగిపోతుంది కాబట్టి తీసుకోరు. ముళ్లకంచె గీతలు, ఈగలు కుట్టిన మచ్చలు కొన్నింటి మీద కనపడుతూనే ఉంటాయి. తోలును క్రోమ్‌తో కాకుండా చెట్ల బెరడు, కాయల సారంతో పదును చేస్తారు. సీటుకు ప్రాణం ఈ తేడాలోనే ఉంది. క్రోమ్ తోలు మెత్తగా ఉండి, సంచికీ చొక్కాకీ బాగుంటుంది, బరువు పడితే సాగి ఊరుకుంటుంది. బెరడుతో పదునెక్కిన తోలు తడిస్తే చెప్పిన ఆకారానికి వస్తుంది, ఆరితే ఆ ఆకారాన్ని పట్టుకుని కూర్చుంటుంది. ఆ మాట వినగానే నాకు తంగేడు గుర్తొచ్చింది. ఇవాళ తెలంగాణ రాష్ట్ర పుష్పంగా బతుకమ్మలో పేర్చుకుంటున్న తంగేడు చెట్టు చెక్కతో, కరక్కాయతో మద్రాసు ప్రెసిడెన్సీలో తోళ్లు పదును చేసి ఓడల మీద లండన్‌కు పంపేవారు. ఆ తోళ్లకు ఇంగ్లండ్ మార్కెట్‌లో మంచి పేరుండేది. మన దగ్గర ఆ విద్య తెలిసిన కుటుంబాలు తరతరాలుగా ఊరి చివరే బతకాల్సి వచ్చింది. ఇక్కడ తోలు పనిని కుర్చీ వేసి చూపిస్తున్నారు. ఆ తేడా మనసులోంచి పోలేదు.

కత్తిరించిన ముక్కను నీళ్లలో నానబెట్టి, లోహపు అచ్చు మీద వేసి యంత్రంతో నొక్కుతారు. ఆరాక అంచులు కోసి, చిల్లులు పెట్టి, రంగు వేసి, ముక్కు దగ్గరా వెనకా ఇనుప చట్రానికి రివెట్లతో బిగిస్తారు. టీమ్ ప్రొఫెషనల్ లాంటి ఖరీదైన రకాలకు పెద్ద రాగి రివెట్లు వేస్తారు. వాటిని ఒక మనిషి సుత్తితో కొట్టి బిగించడం చూశాను. తోలు కింది అంచును ఏటవాలుగా చెక్కేది కూడా చేతి కత్తితోనే. కత్తి ఒక్కసారి అటూ ఇటూ పోయినా అంత పనీ పాడే. అతను మాత్రం నాతో మాట్లాడుతూనే చెక్కాడు.

సీటును తిరగేసి చూస్తే అసలు విషయం అర్థమవుతుంది. లోపల స్పాంజి లేదు, జెల్ లేదు, కింద పలక లేదు. ముందు ముక్కుకీ వెనక పట్టీకీ మధ్య తోలు గాలిలో వేలాడుతూ ఉంటుంది. నులక మంచంలా అన్నమాట: కూర్చున్నచోట దిగుతుంది, బాగా వదులైతే బిగించుకోవచ్చు. ఆ బిగించే బోల్టు ముక్కు కింద ఉంది. దానికి ప్రత్యేకంగా ఒక రెంచి ఇస్తారు. కొత్త సీటు బోల్టు జోలికి పోవద్దని, ఏళ్లు గడిచి తోలు నిజంగా దిగబడినప్పుడు మాత్రం పావు చుట్టు తిప్పి తొక్కి చూడమని ఆ పెద్దమనిషి గట్టిగా చెప్పాడు. ఊరికే బిగిస్తూ పోతే తోలు చిరుగుతుంది.

మెత్తటి సీటు హాయి అనుకోవడం సహజం. దుకాణంలో బొటనవేలితో నొక్కి చూసి కొనేది అందుకే. పది కిలోమీటర్లకు ఆ హాయి నిజమే. ఆ తర్వాత మన పిరుదుల్లోని రెండు కూర్చునే ఎముకలు స్పాంజిని అణగదొక్కి కిందికి దిగుతాయి. అణగని స్పాంజి మధ్యలో పైకి లేచి, నరాలూ రక్తనాళాలూ ఉన్న మెత్తటి భాగాన్ని నొక్కుతుంది. తిమ్మిరి అక్కడి నుంచి వస్తుంది. గట్టి తోలు ఆ పని చేయదు, బరువును ఎముకల మీదే ఉంచుతుంది. కాకపోతే ఎముకలు సీటు మీద సరైన చోట పడాలి. అందుకని సీటు ఎంచుకోవడంలో మొదట చూడాల్సింది వెడల్పు. రంగూ రకమూ తర్వాత.

ఆ రాత్రి నేను దిగిన మా బావ ఇంట్లో ఈ కొలతలదే పని. గీతల అట్ట, అంటే పార్సిల్ డబ్బా అట్ట, మెట్టు మీద వేసి నేను, బావ, వదిన ఒక్కొక్కరం కూర్చున్నాం. మోకాళ్లు కాస్త పైకి లేపి, ముందుకు వంగి, లేచి చూస్తే అట్ట మీద రెండు గుంటలు. వాటి మధ్య నుంచి మధ్యకు కొలవాలి. చాలామందికి ఇది 100 నుంచి 140 మిల్లీమీటర్ల మధ్య వస్తుంది. నాకు 125, బావకు 110, వదినకు 138. “సీటు కొనడానికి ఇన్ని కొలతలా!” అంది వదిన. చెప్పుల దుకాణంలో కాలు కొలవనిస్తాం కదా వదినా, అన్నాను.

ఆ కొలతకు కనీసం 20, 30 మిల్లీమీటర్లు కలుపుకోవాలి. తోలు సీటు విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. వెనక అంచున ఇనుప పట్టీ, రివెట్లు ఉంటాయి. ఎముక వాటి మీద పడకూడదు, లోపల తోలు మీదే పడాలి. అందువల్ల కేటలాగులో రాసిన వెడల్పు అంతా మనది కాదు. బి17 వెడల్పు సుమారు 175 మిల్లీమీటర్లు. టీమ్ ప్రొఫెషనల్ 160. బి17 నారో అంతకన్నా సన్నం. స్ప్రింగులున్న బి67 రెండొందలు దాటుతుంది.

ఎంత వంగి తొక్కుతామన్నది రెండో లెక్క. బావది రేసు సైకిలు, హ్యాండిల్ సీటు కన్నా కిందికి ఉంటుంది. అలా వంగినప్పుడు బరువు ఎముకల ముందు భాగానికి జరుగుతుంది, అక్కడ వాటి మధ్య దూరం తక్కువ. అతనికి సన్నటి సీటే సరి. వదిన నిటారుగా కూర్చుని మార్కెట్‌కి, స్కూలుకి వెళ్లొస్తుంది. ఆమెకు బి67 లాంటిది కావాలి. నిటారుగా కూర్చున్నప్పుడు గతుకు దెబ్బ నేరుగా వెన్నుకు తగులుతుంది కాబట్టి స్ప్రింగులకు అర్థం ఉంది. మన ఊళ్లలో పాలవాళ్లు, పోస్టుమాన్‌లు తొక్కిన పాత సైకిళ్ల సీట్లకు అంత లావు స్ప్రింగులు ఎందుకుండేవో ఇక్కడ తెలుస్తుంది. నాలాగా హ్యాండిల్ దాదాపు సీటు ఎత్తులో పెట్టుకుని రోజంతా తొక్కేవాళ్లకు బి17. మధ్యలో తిమ్మిరి బాధ ఉన్నవాళ్లకు దాన్నే మధ్యలో కోత పెట్టి ఇంపీరియల్ అని చేస్తున్నారు. ఆడవాళ్లకు ముక్కు పొట్టిగా ఉండే రకం ఉంది.

తోలు సీటు అలవాటయ్యేదాకా నొప్పి ఓర్చుకోవాలన్న మాట సైకిల్ గుంపుల్లో బాగా వినపడుతుంది. దీంతో నేను పూర్తిగా విభేదిస్తాను. కొన్ని వందల కిలోమీటర్లలో తోలు మన ఎముకలకు గుంటలు ఇచ్చి సర్దుకుంటుంది, అది నిజం. కానీ వెడల్పు సరిపోయిన సీటు మొదటి వారంలోనే గట్టిగా అనిపిస్తుందే తప్ప గాయం చేయదు. గాయం చేస్తే అది మన సీటు కాదు, లేదా ఎత్తు తప్పు. పెడల్ పూర్తిగా కిందికి ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు సరిగ్గా నిటారు కావాలి. సీటు అంతకంటే ఎత్తుంటే నడుము అటూ ఇటూ ఊగి తొడలు ఒరుసుకుంటాయి. ముక్కు కిందికి వంచితే జారిపోతూ బరువంతా చేతుల మీద పడుతుంది. మట్టంగా పెట్టి మొదలుపెట్టి, ముక్కును వెంట్రుకవాసి పైకి జరుపుతూ చూసుకోవాలి. మెత్తబడుతుందని నూనెలో నానబెట్టేవాళ్లున్నారు. అలా చేస్తే తోలు బిగువు పోతుంది, పోయిన బిగువు తిరిగి రాదు. కొవ్వు, మైనం కలిపిన ప్రూఫైడ్ అనే లేపనం కంపెనీయే అమ్ముతుంది. మొదట్లో పైన పలచగా ఒకసారి, ఆ తర్వాత అప్పుడప్పుడు రాస్తే చాలు.

ఆవు తోలు వద్దనుకునే పాఠకులు చాలామంది ఉంటారని నాకు తెలుసు. వాళ్లకోసం ఇదే కంపెనీ 2013లో కేంబియమ్ అనే సీటు తెచ్చింది. రబ్బరు మీద గుడ్డ, అదీ వేలాడే పద్ధతే. వానకు తడిసినా పరవాలేదు, అలవాటయ్యే కాలం కూడా లేదు. రోజూ వానలో తడుస్తూ ఆఫీసుకు వెళ్లేవారికి, సైకిల్‌ని బయట వదిలేసేవారికి తోలు కంటే ఇదే మేలని నా అభిప్రాయం.

తోలుకు వాన పైనుంచి కన్నా కిందనుంచి ఎక్కువ ప్రమాదం. వెనక చక్రం చిమ్మే నీళ్లు రంగు వేయని లోపలి వైపు తగిలి ఇంకిపోతాయి. మడ్‌గార్డు లేకుండా జూలై నెలలో బీఆర్‌ఎంకు తోలు సీటుతో బయల్దేరకూడదు. నిలిపినప్పుడల్లా సీటుకు ప్లాస్టిక్ సంచి తొడగాలి. తడిసిపోతే తొక్కడం ఆపి నీడలో ఆరనివ్వాలి, ఎండలో పెట్టొద్దు, హీటర్ దగ్గర పెట్టొద్దు. తడి తోలు మీద గంటలకొద్దీ కూర్చుంటే అప్పుడు వచ్చిన వంకర అలాగే ఉండిపోతుంది. మన మే నెల ఎండ కూడా దానికి శత్రువే. అప్పటికీ అంచులు విప్పారితే ఒక పాత ఉపాయం ఉంది. రెండు పక్కల కింద అంచుల్లో చిల్లులు పొడిచి బూటు లేసుతో లోపలికి లాగి కట్టేస్తారు. ఆ పని హైదరాబాద్‌లో ఏ చెప్పులు కుట్టే అతనైనా చేసిపెడతాడు.