మస్కిలో మా అత్తయ్యగారి ఊట

సింధనూరు దగ్గర క్యాంపులో నలభై ఏళ్ళు కాపురం చేసిన మా అత్తయ్యగారు ముప్ఫై కిలోమీటర్ల లోపున ఉన్న మస్కి శాసనాన్ని చూడలేదంటే ఆశ్చర్యపోకండి. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళు వచ్చాక కోస్తా జిల్లాల నుంచి తరలివెళ్ళి, మెట్ట చేలను వరి మళ్ళుగా మార్చుకున్న వాళ్ళకి బండల మీద రాతలు చూసే తీరికెక్కడిది?

మామయ్యగారు పోయాక ఆవిడని బెంగుళూరు తీసుకువెళదామని వచ్చాం. ఆవిడ షరతు ఒక్కటే. మామయ్యగారి కుక్క రాజు కూడా రావాలి. ముధోళ్ జాతి కుక్క. సన్నటి నడుము, పొడుగు కాళ్ళు. ఆయన పోయినప్పటి నుంచీ సరిగ్గా తిండి ముట్టడం లేదు.

"దాన్ని అక్కడెవరు రానిస్తారు?" అని ఆవిడ బెంగ.

"నాయనమ్మా, మా ఇంటి దగ్గర ఫ్రెంచి హోటలుంది. ఆరుబయట బల్లల దగ్గర కుక్కల్ని కూచోనిస్తారు. ముందు వాటికి నీళ్ళగిన్నె పెట్టాకే మనకి మెనూ ఇస్తారు" అంది మా అమ్మాయి. అది నిజమే. ఫ్రాన్సులో కుక్కని వెంటబెట్టుకుని కఫేకి వెళ్ళడం మామూలు విషయం, ఆ అలవాటే వీళ్ళూ తెచ్చుకున్నారు. కాకపోతే అక్కడ ఒక్క సూపు ఖరీదుతో మస్కిలో మేమందరం కడుపునిండా తినొచ్చు.

"కుక్కకి చోటుంటే ఉండనీ, నాకేం పెడతారే అక్కడ?" అన్నారు అత్తయ్యగారు.

ఆ మర్నాడే మస్కి వెళ్ళాం. 1915లో బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు ఈ శాసనాన్ని కనుగొన్నాడు. అప్పటికి దొరికిన శాసనాలలో దేవానాంప్రియుడు, ప్రియదర్శి అన్న బిరుదులే ఉండేవి. అశోకుడన్న పేరు రాతిమీద మొదట బయటపడింది ఇక్కడే. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. గొప్పవాళ్ళకే కాదు, చిన్నవాళ్ళకీ ధర్మంతో ఉన్నత లక్ష్యం అందుతుందని అందులో సారాంశం. రాజుని పట్టుకుని నేను బయటే నిలబడ్డాను. మావారు ఆ సంగతి చెబుతుంటే, "ధర్మరాజు వెంట కుక్క వెళ్ళలేదూ!" అన్నారు అత్తయ్యగారు. మనుషులకే కాక పశువులకీ వైద్యం ఏర్పాటు చేశానని అశోకుడు వేరే శాసనంలో రాయించుకున్నాడని కూడా మావారు చెప్పారు గానీ, అప్పటికి ఆవిడ చెట్టునీడ వెతుక్కుంటున్నారు.

ఊళ్ళో ఒక ఖానావళి ముందు ఆగాం. "బర్రి అక్కా" అంటూ పిలిచిన యజమానురాలు కుక్కని చూసి, లోపలికి వద్దంది. అంతలోనే బెంచీ తెచ్చి వేపచెట్టు కింద వేసింది. జొన్నరొట్టెలు, ఎణ్ణెగాయి (మన గుత్తివంకాయకి అక్కగారనుకోండి), శేంగా పొడి, పెరుగు. ఇంట్లో రాజుని పశువుల పాక దాటనివ్వని అత్తయ్యగారు, కారంలేని రొట్టె తుంచి పెరుగులో నానబెట్టి, ఆకులో దాని ముందు పెట్టారు. వాసన చూసింది. మొహం తిప్పుకుంది. ఆవిడ మళ్ళీ ఒక ముక్క అరచేతిలో పెట్టి చాచారు. మామయ్యగారు పెట్టే పద్ధతి అదేనట. రాజు ఆ చెయ్యి నాకి, ముక్క తిని, ఆకంతా ఖాళీ చేసింది. ఆవిడ పైటచెంగుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

కుక్క తిన్న రొట్టెకి డబ్బు వద్దంది యజమానురాలు. "లెక్క లెక్కే" అని అత్తయ్యగారు బలవంతాన చేతిలో పెట్టారు.

కారెక్కాక చాలాసేపు మాట్లాడలేదు. క్యాంపు దగ్గరపడుతుండగా మా అమ్మాయిని అడిగారు.

"ఆ ఫ్రెంచి హోటల్లో మజ్జిగ దొరుకుతుందిటే?"