బిర్సానగర్ ఇంటి గోడ

2023 మార్చిలో, ఉగాది ఇంకా పది రోజులు ఉందనగా, మేము అన్నదమ్ములమిద్దరమూ జంషెడ్‌పూర్ నగరంలోని బిర్సానగర్‌లో, మా తండ్రిగారు కట్టించిన ఇంటి వెనుకగదిలో, చెరొక పుట్టీ కత్తి చేతపట్టి ఒక గోడ ముందు నిలబడి ఉన్నాము. మాలో పెద్దవాడు మన సంస్థలో ఉద్యోగి. చిన్నవాడు ఆ ఊళ్ళోనే స్థిరపడి అమ్మను చూసుకుంటున్నాడు. ఈ కథనంలో 'మేము' అన్న చోటల్లా ఇద్దరమూ ఉన్నామని పాఠకమిత్రులు గ్రహింపగలరు.

ఆ గోడకు ఇరవైతొమ్మిదేళ్ళుగా అంటుకొని ఉన్న కాగితాన్ని ఊడదీయడమే మేము తలపెట్టిన కార్యం. మీగడరంగు మీద గులాబీ తీగలు. అంచుల వద్ద అది ఎప్పుడో పైకి లేచి ముడుచుకుపోయింది. కింది భాగంలో గులాబీలు నల్లబడి, ఏవి పువ్వులో ఏవి బూజు మచ్చలో తెలియని స్థితికి వచ్చాయి.

జంషెడ్‌పూర్‌తో ఉత్తరాంధ్ర ప్రజల అనుబంధం మనలో చాలామందికి తెలిసినదే. 1907లో టాటా ఇనుము ఉక్కు సంస్థ ఏర్పడి, 1912లో తొలి ఉక్కు వెలువడి, 1919లో సాక్చీ అనే పల్లె జంషెడ్‌పూర్‌గా పేరు మార్చుకొన్న నాటి నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి కుటుంబాలకు కుటుంబాలే అక్కడకు తరలివెళ్ళాయి. మా నాన్నగారు 1961లో ఒక రేకుపెట్టెతో టాటానగర్ స్టేషన్‌లో దిగారు. ఇరవై ఒక్క సంవత్సరాలు అద్దె ఇళ్ళలో గడిపి, 1982లో ఈ రెండు గదులకు ఇటుక గోడలు లేపారు. బిర్సా ముండా పేరు పెట్టుకొన్న ఆ బస్తీలో ఆనాడు ఎవరి ఇంటికి వారే ఇంజనీరు. పది అంగుళాల గోడ, పైన కుమ్మరి పెంకు. పునాదికీ గోడకూ నడుమ చెమ్మను ఆపే పొర ఒకటి వేయాలని ఆయనకు చెప్పినవారు లేరు. చెప్పినా ఆ నెల జీతంలో దానికి చోటు ఉండేది కాదేమో.

ఇటుకకు సన్నని రంధ్రాలుంటాయి. దీపపు వత్తి నూనెను లాగినట్లు అవి నేలలోని నీటిని పైకి లాగుతాయి. సాధారణంగా ఆ చెమ్మ సుమారు మూడడుగుల ఎత్తు వరకు ఎగబాకుతుంది. నీరు గాలికి ఆరిపోయినా దానితో వచ్చిన లవణాలు గోడలో నిలిచి తెల్లని పొడిగా రాలుతాయి. మనం చవుడు పట్టిందంటాము. అక్కడివారు నోనా అంటారు. మాటలు రెండైనా వానాకాలం వచ్చిందంటే బాధ ఒక్కటే.

1994లో మా అక్కకు పెళ్ళిచూపులు కుదిరాయి. వచ్చేవారు విజయనగరం వారు, కాస్త ఉన్నవారు. ఆ గోడ మీది మరకలు చూస్తే ఏమనుకొంటారోనని నాన్నగారు మథనపడ్డారు. సాక్చీ బజారులో ఒక దుకాణదారుడు, ఈ ప్లాస్టిక్ పూత కాగితం అంటిస్తే చెమ్మ బయటికి రాదు అన్నాడట. ఆ మాట అక్షరాలా నిజమే. బయటికి రాని చెమ్మ ఎటు పోతుందని మాత్రం ఎవరూ అడగలేదు. జిగురు కొనడం దండుగని ఆయన మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, రాత్రి డ్యూటీ నుండి వచ్చి నిద్ర మానుకొని ఒక్కరే కాగితం అంటించారు. సంబంధం కుదిరింది. బావగారు నేటికీ ఆ గులాబీల గదిని తలచుకొంటూ ఉంటారు.

నాన్నగారు 2011లో కాలం చేశారు. తరువాత అమ్మ ఆ గదిలోనే, ఆ గోడ పక్కనే మంచం వేసుకొని పడుకొనేది. గత నాలుగైదు వర్షాకాలాలుగా ఆమెకు ఆయాసం. తెల్లవారుజామున ఈల వేసినట్లు ఊపిరి. మందులు వాడితే తగ్గడం, మళ్ళీ రావడం. చివరికి ఒక వైద్యుడు మందుల చీటీ పక్కన పెట్టి, ఆమె పడుకొనే గది ఎలా ఉంటుందని అడిగాడు. ఆ ప్రశ్న మాకు ముందే తట్టనందుకు సిగ్గుపడ్డాము.

అమ్మ ససేమిరా అన్నది. "ఆ కాగితం మీ నాయన తన చేత్తో అంటించాడు. నేనున్నన్నాళ్ళూ దాన్నలా ఉండనీండిరా" అని ముందు గదిలోకి వెళ్ళి కూర్చున్నది. ఆమెను ఒప్పించామని చెప్పలేము. అడ్డుపడలేదు గనుక మొదలుపెట్టాము, అంతే.

కాగితం తీయడం చిన్నపని అనుకొన్నాము. మొదటి పూట పై పొర గుడ్డముక్కలా సర్రున లేచి వచ్చేసరికి మహా సంబరపడ్డాము. వెనుకనున్న అట్టపొర మాత్రం గోడను వదలలేదు. పొడిగా గీకితే ప్లాస్టరు పెళ్ళలు పెళ్ళలుగా ఊడి వచ్చింది. మధ్యాహ్నానికి బుద్ధి వచ్చి, మెయిన్ స్విచ్ కట్టివేసి, గోరువెచ్చని నీటిలో కాస్త సబ్బు కలిపి, స్పాంజితో గోడంతా తడిపి, పావుగంట ఆగి, కత్తిని ఏటవాలుగా పట్టి కింది నుండి పైకి నెమ్మదిగా తోశాము. మైదాజిగురు నాని జావలా జారింది. దానితోపాటు పుల్లని ముక్కవాసన. అట్టపొర వెనుక అరచేతి మందాన నల్లని బూజు. మైలుతుత్తం పురుగును ఆపి ఉండవచ్చు. పిండి మాత్రం ఇన్నేళ్ళూ బూజుకు భోజనమైంది.

ఇటువంటి కథ ఐరోపాలోనూ ఉన్నదని పిమ్మట చదివాము. 1775లో షీలే అనే స్వీడన్ రసాయనవేత్త కనిపెట్టిన పచ్చరంగులో పాషాణం ఉండేది. ఆ రంగు కాగితాలను గోడలకు అంటించుకొన్న ఇళ్ళలో మనుషులు జబ్బుపడ్డారు. తడిసిన కాగితం మీద పెరిగే బూజు ఆ పాషాణాన్ని వాయువుగా మార్చి గదిలోకి వదలగలదని 1890ల దశకంలో గోసియో అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు చూపాడు. మా గులాబీలలో పాషాణం లేదు. అయినా ముక్కుకు గుడ్డ కట్టుకొన్నాము.

రెండవనాటి మధ్యాహ్నం, మా ఛాతీ ఎత్తులో, తడి అట్ట కింద నుండి ఒక నీలిరంగు గీత బయటపడింది. ఏ పాత డిజైనో అనుకొని ఇంకొంచెం తీశాము. గుండ్రని సూర్యుడు, చుట్టూ కిరణాలు. దాని కింద ఒక దీపం. దాని కింద నెలవంక. ఒక్కొక్క బొమ్మ పక్కన మేకు పెరికిన గుంట.

ఇద్దరమూ నోట మాట లేకుండా నిలబడ్డాము. మరచిపోయినదేదో ఒక్కసారిగా కళ్ళ ముందుకు వచ్చింది. అమ్మకు చదువు రాదు. నాన్నగారికి వారం వారం షిఫ్టు మారేది. ఉదయం ఆరింటికి ఏ, మధ్యాహ్నం రెండింటికి బీ, రాత్రి పదింటికి సీ. ఆమె అడగకుండానే తెలియాలని ఆయన నీలం ఆయిలు పెయింటుతో ఆ మూడు బొమ్మలు వేసి, పక్కన మేకులు కొట్టి, ఆ వారం ఏ షిఫ్టో ఆ మేకుకు ఒక ఇనుప వాషరు తగిలించేవారు. దానిని చూసి ఆమె క్యారియరు సర్దేది. వాషరు నెలవంక దగ్గర ఉన్న వారమంతా పగటిపూట ఇంట్లో మేము పిల్లులవలె నడిచేవాళ్ళము. నాన్నగారి నిద్ర చెడితే ఏమవుతుందో మా వీపులకు తెలుసు.

పక్క జోన్ నుండి వచ్చిన తాపీమేస్త్రి గోడను తట్టి చూసి, కింది నుండి నాలుగున్నర అడుగుల వరకు ప్లాస్టరంతా ఇటుక దాకా కొట్టివేయాలన్నాడు. ప్లాస్టిక్ కాగితం వల్ల గోడకు ఆరే దారి లేక, చెమ్మ మామూలు కన్నా ఎత్తుకు ఎక్కిందట. బొమ్మలు ఆ హద్దులోనే ఉన్నాయి. మాలో ఒకరము ఆ చదరపు ముక్కను మాత్రం వదిలి చుట్టూ చేయిద్దామన్నాము. రెండవవారము, చవుడు పట్టిన ముక్క మధ్యలో ఉంటే చేసిన పనంతా వృథా అన్నాము. మాట పెరిగింది. ఎవరు అమ్మను దగ్గరుండి చూశారు, ఎవరు ఏడాదికొకసారి రైలు దిగి వస్తారు అన్నంత దాకా వెళ్ళింది. అవి ఇక్కడ వ్రాయదగినవి కావు.

ఆ గొడవ విని అమ్మ గదిలోకి వచ్చింది. గోడ చూసింది. కొంగుతో నెలవంక మీది తడి తుడిచింది. మనుమరాలు సెల్‌ఫోన్‌తో ఫోటో తీయబోతే అడ్డు చెప్పలేదు గానీ, "నాకెందుకే ఫోటో?" అన్నది. తరువాత మా వైపు తిరిగి, "ఇది నాకు చూపించడానికి గీశాడు. నేను చూశాను. ఇప్పుడు ఆ మేస్త్రీని కొట్టెయ్యమనండి, నాకు ఊపిరాడాలి" అన్నది.

పాత ఆయిలు పెయింటులో సీసం ఉండే అవకాశం మెండు. గృహోపయోగపు రంగుల్లో దానిని పది లక్షల పాళ్ళకు తొంభై పాళ్ళు మించనీయని నిబంధన మన దేశంలో అమలులోకి వచ్చింది 2017లోనే. అందుచేత ఆ భాగాన్ని బాగా తడిపి, దుమ్ము లేవకుండా మేమే ఉలితో తీశాము, మేస్త్రీకి ఇవ్వలేదు. ఎవరు ఏ బొమ్మ తీశామో అడగవద్దు.

తరువాతి పని వేగంగానే సాగింది. నేలకు జానెడు ఎత్తున బెత్తెడుకొక రంధ్రం చేసి, ఇటుక నీరు పీల్చకుండా మందు నింపారు. అటుపైన సిమెంటు వద్దని, గాలి ఆడే సున్నపు పూతే వేయించాలని నిశ్చయించుకొన్నాము. పూతకు ముందు గోడ ఆరాలి. అంగుళం మందానికి ఒక నెల అని పాత లెక్క. పది అంగుళాల గోడకు పది నెలలు. అమ్మ మంచం ముందు గదిలోకి మారింది. అక్కడ ఆమెకు నిద్ర పట్టడానికి మూడు వారాలు పట్టింది. ఆ వర్షాకాలంలో ఆయాసం రెండు పర్యాయాలు వచ్చింది. అంతకు ముందటి ఏడు లెక్కపెట్టలేదు.

ఆ పది నెలలూ ప్రతి ఆదివారం విశాఖ నుండి ఫోను చేసినప్పుడు, ఆరోగ్యం సంగతి అడగకముందే ఆమె గోడ సంగతి చెప్పేది. ఉదయం లేవగానే వెనుకగదిలోకి వెళ్ళి, బొమ్మలున్న ఎత్తులో ఇటుక మీద అరచేయి ఆనించి చూసేదట.

"ఇంకా చల్లగానే ఉందిరా" అనేది.