గుడ్డు లేని క్రిస్మస్ పుడ్డింగ్



పోయిన క్రిస్మస్ మధ్యాహ్నం, కరీంనగర్ మంకమ్మతోటలోని మా ఇంటికి మా బాబు క్లాస్‌మేట్ వచ్చాడు. వేడి వేడి బ్రెడ్ పుడ్డింగ్ గిన్నెలో పెట్టిచ్చాను. స్పూన్ నోటిదాకా తెచ్చి ఆగాడు. "ఆంటీ, ఇందులో గుడ్డు ఉందా?" ఉందన్నాను. గిన్నె మెల్లగా కింద పెట్టేశాడు. వాళ్లింట్లో గుడ్డు తినరు. ముందే అడగాల్సింది నేను. ఆ రోజు మా బాబు కూడా సరిగా తినలేదు.

ఈసారి దారి చూపింది కస్టర్డ్ పౌడర్. 1837లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే కెమిస్ట్, గుడ్డు పడని తన భార్య కోసం మొక్కజొన్న పిండితో దీన్ని తయారుచేశాడు. ఇంట్లో ఒక్కరు తినలేరని పుట్టిన పొడి ఇది!

మీరూ చేసి చూడండి. అర లీటరు పాలలో కొన్ని చల్లని పాలు పక్కకు తీసి, 2 టేబుల్ స్పూన్ల కస్టర్డ్ పౌడర్ కలపండి. వేడి పాలలో నేరుగా వేస్తే పిండి ఉండలు కడుతుంది. మిగతా పాలు 4 స్పూన్ల చక్కెరతో మరిగాక ఇది పోసి, కొద్దిగా చిక్కబడగానే దించండి. వెన్న రాసిన గిన్నెలో 6 బ్రెడ్ ముక్కలు, కిస్‌మిస్ పేర్చి పైన పోయండి. పావుగంట నాననిచ్చి, ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర అరగంట పెట్టండి. ఓవెన్ లేకపోతే కుక్కర్ అడుగున ఉప్పు పోసి, స్టాండ్ పెట్టి, గాస్కెట్, విజిల్ తీసేసి సన్న మంట మీద 40 నిమిషాలు. పైన పోసే సాస్‌కు పావు లీటరు పాలు, 2 టీస్పూన్ల పౌడర్, 2 స్పూన్ల చక్కెర, కాస్త యాలకుల పొడి చాలు. డిసెంబర్ చలిలో రెండూ వేడిగానే వడ్డించాలి.

పొయ్యి పని మీది. కొలతలు, కలపడం పిల్లలకు వదిలేయండి. బ్రెడ్, కస్టర్డ్ ప్యాకెట్ల మీద ఆకుపచ్చ గుర్తు వెతికే పని కూడా వాళ్లదే.

మొన్న ఆదివారం ట్రయల్ వేశాం. ఆ బాబునూ పిలిచాం. వాడు మళ్లీ అదే ప్రశ్న అడిగాడు. మావాడు ఏమీ అనకుండా ప్యాకెట్ తెచ్చి ఆకుపచ్చ చుక్క చూపించాడు. ఈసారి గిన్నె ఖాళీ అయ్యాకే కింద పెట్టాడు.

ఈ పండక్కి మీ ఇంటికి వచ్చే పిల్లలు ఏం తింటారో, ఏం తినరో ముందే ఒక్క ఫోన్ చేసి కనుక్కోండి.