ఇప్పేదానికి ఏముందన్నా దీంట్లో?

పోయిన నెల ఊరికి పోయినప్పుడు మా చిన్నాయన కొడుకు షెడ్డు దగ్గర చాలాసేపు కూర్చున్నా. వాడు ఐటీఐలో మోటార్ మెకానిక్ చదివినోడు. రోడ్డు క్రాసులో రేకుల షెడ్డు వేసుకుని 13 ఏళ్లుగా బండ్లు బాగుచేస్తున్నాడు. బండి స్టార్ట్ చేసి చెవి పెడితే చాలు, జబ్బేందో చెప్పేస్తాడు. ఆ రోజు ఒక టీచరు కరెంటు స్కూటర్ తోసుకుంటూ వచ్చాడు. మావాడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. విందామంటే శబ్దమే లేదు. డిస్‌ప్లే మీద ఏదో ఎర్ర గుర్తు. "కంపెనీ వాళ్ల దగ్గరికే తీస్కపోండి సార్, ల్యాప్‌టాప్ పెట్టి చూడాల" అని పంపించేసి, నా పక్కన కూర్చుని అన్నాడు: "ఇప్పేదానికి ఏముందన్నా దీంట్లో?"

నిజంగానే ఏమీ లేదు. పిస్టన్, రింగులు, వాల్వులు, ప్లగ్గు, కార్బొరేటర్, క్లచ్ ప్లేట్లు, సైలెన్సర్, ఇంజన్ ఆయిల్. వాడికి ఇన్నాళ్లూ అన్నం పెట్టినవి ఇవే. కరెంటు బండిలో ఇవేవీ ఉండవు. మోటారులో తిరిగేది ఒక్క రోటరే. మిగతాదంతా సీలు వేసిన బ్యాటరీ పెట్టె, ఒక కంట్రోలర్, కంపెనీ చేతిలో ఉండే సాఫ్ట్‌వేర్. మూత తీస్తే వారంటీ పోతుంది. ఇక వాడికి మిగిలేది బ్రేకులు, పంక్చర్లు.

వాడి మాట వింటే మా జేజినాయన గుర్తొచ్చాడు. ఆయన కపిల తొండాలు కుట్టేవాడు. ఇప్పటి పిల్లలకు కపిల అంటే చెప్పాల. ఎద్దులతో బావిలోంచి నీళ్లు తోడే ఏర్పాటు. చాలాచోట్ల మోట అంటారు. బాన ఇనుపదైనా దాని తొండం మాత్రం తోలుదే. తంగేడు చెక్కతో ఆ తోలు పదును చేసేది, కుట్టేది, చిరిగితే అతుకేసేది మాదిగోడు. ఊరి మడి తడిసేది ఆ కుట్టు మీదనే. దానికి కళ్లంలో మేర గింజలు, అవీ దూరంగా నిలబడి పట్టుకోవాల.

తర్వాత బావుల మీదికి ఆయిల్ ఇంజన్లు వచ్చాయి, వాటి వెనకే కరెంటు మోటార్లు. పొలం ఉన్నోడికి బ్యాంకు అప్పు ఇచ్చింది, కరెంటు కనెక్షన్ ఆయన పేరు మీదే వచ్చింది. తొండం కుట్టినోడికి పొలం లేదు కాబట్టి అప్పూ లేదు, మోటారూ లేదు. మా జేజినాయన ఆరె చూరులో దోపి కూలికి పోయాడు.

(డాక్టరేట్ కోసం చదువుతున్నప్పుడు కపిల పాటలు బోలెడు కనపడ్డాయి. అవన్నీ కపిల తోలేవాళ్లు పాడినవి. తొండం కుట్టినోడి పాట ఒక్కటీ నాకు దొరకలేదు. మీ అవ్వాతాతల దగ్గర విని ఉంటే రాయండి.)

మోటారు రాకపోతే బాగుండేదని నేననడం లేదు. ఆ తోలు వాసన నుంచి మావాళ్లు బయటపడడం మంచిదే. బాబాసాహెబ్ కూడా గాంధీని విమర్శిస్తూ 1945లో రాసిన పుస్తకంలో యంత్రాన్ని తప్పుపట్టలేదు. యంత్రం లాభాన్ని కొందరికే కట్టబెట్టే సమాజ నిర్మాణాన్ని తప్పుపట్టాడు. నా గొడవ కూడా అక్కడే.

ఈసారి డబ్బు ఎటు పోయిందో చూడండి. 2019లో ఫేమ్-2 పథకానికి 10,000 కోట్లు. 2021లో బ్యాటరీ సెల్స్ తయారీకి 18,100 కోట్లు, వాహన పరిశ్రమకు 25,938 కోట్ల ప్రోత్సాహకాలు ప్రకటించారు. అంటే బండి కొనేవాడికి రాయితీ, తయారుచేసేవాడికి ప్రోత్సాహకం. కొనలేక, తయారుచేయలేక, ఇన్నాళ్లూ బాగుచేసి బతికినోడు ఈ లెక్కలో ఎక్కడున్నాడు?

ఫ్యాక్టరీకి పోవచ్చు కదా అంటారు. మా పక్కనే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 536 ఎకరాల్లో కియా ఉంది. 2019 నుంచి కార్లు వస్తున్నాయి, 2025లో కరెంటు కారు కూడా మొదలైంది. అదే 2019లో మన అసెంబ్లీ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని చట్టం చేసింది. స్థానికుడంటే ఎవరు? ఊళ్లో ఉండేవాడూ స్థానికుడే, కాలనీలో ఉండేవాడూ స్థానికుడే. 16(4) అధికరణం ప్రభుత్వ ఉద్యోగం దగ్గరే ఆగిపోతుంది, ప్రైవేటు గేటు దాటదు. మావాడు ఒకసారి విడిభాగాల కంపెనీలో పనికని లేబర్ కాంట్రాక్టరు దగ్గరికి పోయాడు. సర్టిఫికెట్ చూడకముందే ఆయన అడిగింది: "మీ ఇల్లు ఊర్లోనా, కాలనీలోనా?" ఫోన్ చేస్తామన్నారు. ఆ ఫోన్ కోసమే కొన్నాళ్లు షెడ్డు మూసిపెట్టుకున్నాడు పిచ్చోడు.

ప్రపంచంలో తయారయ్యే బ్యాటరీల్లో నాలుగింట మూడు వంతులు చైనావే. కొన్ని రకాల బ్యాటరీల్లో వాడే కోబాల్ట్‌లో ఎక్కువ భాగం కాంగో నుంచి వస్తుంది. అక్కడ చేతులతో గనులు తవ్వేవాళ్లలో పిల్లలు కూడా ఉన్నారు. పొగ రాని బండి అని మనం మురిసిపోతున్నప్పుడు ఆ పిల్లల్ని కూడా తలుచుకోవాల.

అమెరికాలో 2023 సెప్టెంబర్‌లో యూఏడబ్ల్యూ యూనియన్ మూడు పెద్ద కార్ల కంపెనీల మీద ఒకేసారి సమ్మెకు దిగింది. జీతాలతో పాటు ఇంకో మాట కూడా అడిగింది. బ్యాటరీ ప్లాంట్లు వేరే పేర్లతో పెడుతున్నారు, అక్కడి కార్మికులకు మా ఒప్పందం ఎందుకు వర్తించదు అని. జనరల్ మోటార్స్ దిగొచ్చి ఒప్పుకుంది. మార్పు వచ్చి మీద పడ్డాక ఏడవకుండా ముందే బేరం పెట్టారు. మన రేకుల షెడ్లకు ఏ యూనియనూ లేదు. కుల సంఘాలున్నాయి, విద్యార్థి సంఘాలున్నాయి. మన మీటింగుల్లో ఎప్పుడైనా మెకానిక్‌ల సంగతి అజెండాలో పెట్టామా? నేనైతే పెట్టలేదు.

ప్రస్తుతానికి నేను చేస్తున్నది చిన్న పని. కరెంటు బండ్ల సర్వీసు మాన్యువల్స్ అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఆదివారాలు వాడూ నేనూ కూర్చుని వాటిని తెలుగులో రాస్తున్నాం. నాకు భాష వచ్చు, బ్యాటరీ రాదు. ప్యాక్‌లో ఒక సెల్ బలహీనపడితే మొత్తం ఎందుకు ఆగిపోతుందో నేను అరపేజీ రాస్తే, వాడు కొట్టేసి, "కాడికి కట్టిన జోడులో ఒక ఎద్దు పడుకుంటే రెండోది మాత్రం ఎట్ల పోతాదన్నా, అట్ల రాయి" అన్నాడు. అట్లే రాశా. కంట్రోలర్ భాగం దగ్గర మాత్రం ఇద్దరం ఇరుక్కుపోయాం. ఎలక్ట్రికల్ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఎవరైనా హిందూపురం, పెనుకొండ వైపు ఉంటే ఆదివారం పొద్దున రండి. షెడ్డు దగ్గర టీ ఉంటుంది.

జై భీమ్.